లైసెన్సు కాగితంలో లేని నీళ్లు

2003 ఏప్రిల్ 7. కేరళలోని పాలక్కాడ్ జిల్లా, చిత్తూరు తాలూకా. మన చిత్తూరు కాదు, తమిళనాడు సరిహద్దును ఆనుకుని ఉన్న మరో చిత్తూరు. ఆ తాలూకాలోని పెరుమాట్టి గ్రామ పంచాయతీ పాలకవర్గం ముందుకు ఆ రోజు ఒక లైసెన్సు రెన్యూవల్ వచ్చింది. ఏటా చేసే పనే. ఫీజు కట్టించుకుని, ముద్ర వేసి పంపేస్తే సరిపోయేది. పంచాయతీకి పన్నుల రూపంలో పెద్ద మొత్తం ముట్టజెప్పే సంస్థ లైసెన్సు అది. దాన్ని కాదంటే ఊరి ఖజానాకే గండి పడుతుంది.

సభ్యులు కాదనే అన్నారు. ప్రజల నీళ్లు అడుగంటిపోతున్నాయి కనుక, ప్రజాప్రయోజనం దృష్ట్యా లైసెన్సు రెన్యూ చేయకూడదని తీర్మానం చేశారు. ఆ లైసెన్సు హిందుస్తాన్ కోకాకోలా బెవరేజెస్ కంపెనీది. ఫ్యాక్టరీ ఉన్న చోటు ప్లాచిమడ.

ఈ కథ విన్నవాళ్లకు సాధారణంగా ఫ్యాక్టరీ గేటు ముందు పందిరి గుర్తొస్తుంది, అందులో కూర్చున్న ఆదివాసీ స్త్రీలు గుర్తొస్తారు. అది న్యాయమే. అయితే ఆ గేటుకు దూరంగా, పంచాయతీ ఆఫీసులో ఫైళ్ల మీద సాగిన పోరాటం కూడా ఒకటుంది. దాని గురించి ఎవరూ పెద్దగా చెప్పుకోరు. నీటి మీద ప్రజల హక్కును కాపాడే పని మన దేశంలో ఏ టేబుల్ దగ్గర మొదలవుతుందో, ఎక్కడ చిక్కుకుంటుందో తెలియాలంటే ఆ ఫైలునే తిరగేయాలి.

నాలుగేళ్లు వెనక్కి వెళ్దాం. 1999లో కంపెనీ దరఖాస్తు పెట్టుకుంది. 2000 జనవరిలో అనుమతి చేతికొచ్చింది. మార్చికల్లా సీసాలు నిండడం మొదలైంది. పొలాల మధ్య 34 ఎకరాల స్థలం, అందులో ఆరు బోర్లు, రెండు బావులు. ఉద్యోగాలొస్తాయి, పన్నులొస్తాయి అని పంచాయతీ సంతోషించింది. సంతకం పెట్టింది కూడా ఆ పంచాయతీయే. ఈ సంగతి దాచాల్సిన పని లేదు.

కేరళ పంచాయతీరాజ్ చట్టం 1994 ప్రకారం ఫ్యాక్టరీ కట్టాలన్నా, మోటార్లు బిగించాలన్నా, ప్రమాదకరమైన వ్యాపారం నడపాలన్నా పంచాయతీ అనుమతి ఉండాలి. మన పంచాయతీల్లో డీ అండ్ ఓ లైసెన్సు అంటామే, ఆ కోవలోదే ఇదీ. ఏం తయారు చేస్తారు, ఎంత హార్స్‌పవర్ మోటారు, ఎంత స్థలం, ఎంత ఫీజు అన్నవే అక్కడి లెక్కలు. భూమి లోపలి నుంచి రోజుకు ఎన్ని లీటర్లు తోడతారన్నది ఆ లెక్కల్లోకి రాదు. అప్పటికి కేరళలో భూగర్భ జలాలను అదుపు చేసే చట్టమే అమల్లో లేదు. 2002లో చేసిన చట్టం అమల్లోకి వచ్చేసరికి 2003 డిసెంబరు అయింది. అంటే పంచాయతీ అనుమతి ఇచ్చింది ఫ్యాక్టరీకి. నీళ్లు మాత్రం ఏ అనుమతీ లేకుండా, ఎవరినీ అడగకుండా పోయాయి.

పోయిన సంగతి ముందుగా తెలిసింది ఆడవాళ్లకు. ప్లాచిమడ చుట్టుపక్కల కాలనీల్లో ఎరవాలర్, మలసర్ ఆదివాసులున్నారు. కూలీనాలీ చేసుకుని బతికే కుటుంబాలు. ఫ్యాక్టరీ మొదలైన కొద్ది నెలలకే బావుల్లో నీటిమట్టం దిగిపోయింది. మిగిలిన నీళ్ల తీరు మారిపోయింది. బట్టలుతికితే సబ్బు నురగ రాదు. ఆ నీళ్లతో వండితే అన్నం, పప్పు సరిగా ఉడకవు. స్నానం చేస్తే ఒళ్లంతా దురద. మయిలమ్మ అనే ఎరవాలర్ మహిళ ఇంటి పక్కనే ఫ్యాక్టరీ. ఆమె బడి ముఖం చూడలేదు. రుచి, రంగు, నురగ చూసి నీళ్లు చెడ్డాయని ఆమె చెప్పిన మాటనే ఆ తర్వాత ప్రయోగశాలలూ చెప్పాయి. 2002 ఏప్రిల్ 22న ఆదివాసీ నాయకురాలు సి.కె. జాను చేతుల మీదుగా గేటు ముందు దీక్షా శిబిరం మొదలైంది. ఆ పందిరి ఏళ్ల తరబడి అక్కడే ఉంది.

ఫ్యాక్టరీ మడ్డిని రైతులకు ఎరువుగా ఇచ్చారు. 2003 జులైలో బీబీసీ రేడియో ఆ మడ్డిని పరీక్ష చేయిస్తే సీసం, కాడ్మియం బయటపడ్డాయి. కాడ్మియం ఉన్నమాట నిజమేనని రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి కూడా తేల్చింది.

మళ్లీ మన ఫైలు దగ్గరకు వద్దాం. ఏప్రిల్ తీర్మానం వెంటే కంపెనీకి షోకాజ్ నోటీసు వెళ్లింది. కంపెనీ వాదన విన్నాక మే 15న పంచాయతీ రద్దు ఉత్తర్వు ఇచ్చింది. అప్పుడు పంచాయతీ అధ్యక్షుడు ఎ. కృష్ణన్. ఒక బహుళజాతి సంస్థకు ఊరి పంచాయతీ తాళం వేయమని రాయడం చిన్న ధైర్యం కాదు. పైగా పోయేది తమ ఆదాయమే.

కంపెనీ హైకోర్టు తలుపు తట్టింది. ముందు రాష్ట్ర ప్రభుత్వం దగ్గర తేల్చుకోమంది కోర్టు. స్థానిక స్వపరిపాలన శాఖ రద్దు ఉత్తర్వును నిలిపివేసింది. అక్టోబరులో తుది మాట చెబుతూ, పంచాయతీ తొందరపడిందని, నిపుణుల బృందాన్ని వేసి, లోతుగా పరిశోధన చేయించి, ఆ తర్వాత నిర్ణయం తీసుకోవాలని చెప్పింది.

ఈ ఒక్క వాక్యం దగ్గర కాసేపు ఆగాలి. ఒక గ్రామ పంచాయతీకి జియాలజిస్టు ఉండడు, నీటి పరీక్షల ల్యాబు ఉండదు, బోరు ఎంత లోతుకు దిగిందో కొలిచే పరికరం ఉండదు. తోడుకునేవాడు తోడుకుంటూనే ఉంటాడు. నష్టం జరుగుతోందని రుజువు చేయాల్సిన భారం మాత్రం ఏ సాధనమూ లేని ఆఫీసు మీద పడింది. లైసెన్సు ఇచ్చిన రోజున నిపుణుల బృందాన్ని ఎవరూ అడగలేదు. ఇస్తే ఎవరికీ సంజాయిషీ చెప్పనక్కర్లేదు. ఆపితే మాత్రం శాస్త్రీయ ఆధారాలు చూపాలి! నా దృష్టిలో ప్లాచిమడ ఉదంతంలో అన్నిటికన్నా పెద్ద అన్యాయం ఇదే.

పంచాయతీ వెనక్కి తగ్గలేదు. ప్రభుత్వ ఉత్తర్వు మీద తానే హైకోర్టుకెక్కింది. 2003 డిసెంబరు 16న జస్టిస్ కె. బాలకృష్ణన్ నాయర్ తీర్పు చెప్పారు. భూగర్భ జలం ప్రజలందరి సంపద, ప్రభుత్వం దానికి ధర్మకర్త మాత్రమేనన్నారు. ప్రత్యేక చట్టం ఉన్నా లేకపోయినా ఆ నీటిని మితిమీరి తోడనివ్వకుండా చూసే బాధ్యత ప్రభుత్వానికీ పంచాయతీకీ ఉందన్నారు. 34 ఎకరాల ఆసామి తన ఇంటికీ సాగుకీ ఎంత తోడుకుంటాడో, కంపెనీకీ అంతే హక్కు. అంతకు మించి కావాలంటే వేరే చోట నుంచి తెచ్చుకోవాలి, అందుకు నెల రోజుల గడువు. కంపెనీ అప్పట్లో రోజుకు తోడుతున్నది 5.1 లక్షల లీటర్లు.

అయితే ఈ తీర్పు పంచాయతీకి పూర్తి గెలుపు కాదు. నీళ్లు ఎక్కువ తోడుతున్నారన్న కారణంతో ఫ్యాక్టరీనే మూసేయమనే అధికారం పంచాయతీకి లేదని న్యాయమూర్తి స్పష్టంగా చెప్పారు. నీళ్లు తోడొద్దని చెప్పవచ్చు, ఫ్యాక్టరీ నడపొద్దని చెప్పకూడదు. పత్రికల్లో తీర్పులోని మొదటి భాగానికి వచ్చిన ప్రచారం ఈ రెండో భాగానికి రాలేదు. లైసెన్సుల పని చూసే ఏ అధికారికైనా రోజూ పనికొచ్చేది రెండోదే.

2004 ఫిబ్రవరిలో కరువు కారణంగా పాలక్కాడ్ జిల్లాలో పరిశ్రమలు భూగర్భ జలం వాడకుండా ప్రభుత్వం ఆంక్ష పెట్టింది. మార్చి 9న ఫ్యాక్టరీ ఆగింది. ఆగిందే గానీ కేసు ఆగలేదు.

2005 ఏప్రిల్ 7. తీర్మానం చేసి సరిగ్గా రెండేళ్లు. ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం మొదటి తీర్పును తిరగరాసింది. చట్టం అడ్డుచెప్పనంత వరకు తన భూమిలోని నీటిని తోడుకునే హక్కు యజమానికి ఉంటుందని, వానలు బాగా పడిన ఏడాది రోజుకు 5 లక్షల లీటర్ల వరకు తోడుకోవచ్చని చెప్పింది. ఇందుకు ఆధారం కోళికోడ్‌లోని జలవనరుల పరిశోధన సంస్థ నిపుణులు కోర్టు కోసం చేసిన అధ్యయనం. లైసెన్సు ఇవ్వక తప్పదని పంచాయతీకి ఆదేశం వచ్చింది.

అప్పుడు ఆ చిన్న ఆఫీసు చేసిన పని నాకు అన్నిటికన్నా నచ్చుతుంది. పంచాయతీ సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఈలోగా కోర్టు మాట కాదనకుండా మూడు నెలల కాలానికి లైసెన్సు రాసింది, దానికి వరసగా షరతులు పెట్టింది. మొదటిసారి సంతకం పెట్టిననాడు కాగితంలో లేని నీళ్లు ఇప్పుడు షరతుల రూపంలో దాంట్లోకి వచ్చాయి. ఆ షరతులకు కంపెనీ ఒప్పుకోలేదు. ఆ ఆగస్టులో కాడ్మియం కారణంగానే కాలుష్య నియంత్రణ మండలి ఉత్పత్తికి అనుమతి నిరాకరించింది. ఫ్యాక్టరీ మళ్లీ తెరుచుకోలేదు. 2007 జనవరిలో మయిలమ్మ కన్నుమూసింది.

మన దగ్గర సంగతేమిటంటారా? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వాల్టా చట్టం 2002లోనే వచ్చింది. బావులూ బోర్లూ నమోదు చేయించుకోవాలని, ఊరి తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు కొత్త బోరు వేయకూడదని అందులో ఉంది. అంటే పెరుమాట్టి పంచాయతీకి లేని ఆయుధం మన అధికారుల చేతిలో ఉంది. పెరుమాట్టికున్న పట్టుదల కూడా దానికి తోడైతే మన ఊళ్లలో ఎన్ని బావులు బతికేవో!

కేరళ ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ 2010లో, ప్లాచిమడలో నీటికి, నేలకు, పంటకు, ఆరోగ్యానికి జరిగిన నష్టాన్ని లెక్కగట్టి 216.26 కోట్ల రూపాయలని తేల్చింది. ఆ నష్టపరిహారం ఇప్పించే ట్రిబ్యునల్ కోసం 2011 ఫిబ్రవరిలో శాసనసభ బిల్లు ఆమోదించింది. దానికి రాష్ట్రపతి ఆమోదం దక్కలేదు. 2017 జులైలో, ప్లాచిమడలో ఉత్పత్తి మళ్లీ మొదలుపెట్టే ఉద్దేశం తమకు లేదని కంపెనీ సుప్రీంకోర్టుకు చెప్పింది. దాంతో కేసు ముగిసింది. భూమి యజమానికి దాని అడుగున ఉన్న నీటి మీద ఎంత హక్కు ఉంటుందన్న ప్రశ్నకు ఆ కేసులో జవాబు రాలేదు. తన హద్దుల్లోని భూగర్భ జలాన్ని యజమాని తన ఇష్టప్రకారం తీసుకోవచ్చని చెప్పే 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం ఇప్పటికీ అలాగే ఉంది. ఆనాడు బావిలో నీళ్లు తోడింది చేదతోనో మోటతోనో తప్ప బోరు మోటార్లతో కాదు.