మెలట్టూరు వీధిలో తెలుగు ప్రహ్లాదుడు

తమిళనాడులోని తంజావూరు జిల్లా మెలట్టూరులో ఏటా నృసింహ జయంతి రాత్రి ‘ప్రహ్లాద చరిత్రము’ ఆడతారు. అది మొదలు నుంచి చివరిదాకా తెలుగు సంగీత నాటకం. ఊళ్లో వాడుక భాష మాత్రం తమిళం. వేషాలు కట్టేది ఆ ఊరి బ్రాహ్మణ కుటుంబాల మగవాళ్లు. నాటకం వాళ్లకు జీవనోపాధి కాదు, స్వామికి చెల్లించే సేవ. ఈ సంప్రదాయానికి భాగవత మేళ అని పేరు.

దీని మూలాలు నాయకరాజుల కాలంలో ఉన్నాయి. విజయనగర ప్రతినిధులుగా వచ్చి తంజావూరులో స్థిరపడిన నాయకరాజుల కొలువు భాష తెలుగు. వారిలో అచ్యుతప్ప నాయకుడు 510 బ్రాహ్మణ కుటుంబాలకు ఇల్లు, పొలం ఇచ్చి మెలట్టూరులో నిలిపాడని స్థానిక చరిత్ర. అందుకే ఊరికి అచ్యుతపురమనే పేరు కూడా వచ్చింది. ఆయన తర్వాత గద్దెనెక్కిన రఘునాథ నాయకుడు, అతని కుమారుడు విజయరాఘవ నాయకుడు స్వయంగా కవులు. వారి ఆస్థానంలో తెలుగు సంగీత నాటకమైన యక్షగానం ఒక వెలుగు వెలిగింది.

1673లో నాయకరాజ్యం కూలింది. తర్వాత వచ్చిన మరాఠా రాజులు తెలుగును పక్కన పెట్టలేదు. 1684 నుంచి 1712 వరకు పాలించిన శాహజీ తెలుగులో ‘పల్లకి సేవా ప్రబంధం’ రాశాడు. రాజవంశం మారినా పాటకు, నాటకానికి తెలుగే నిలిచింది. కావేరి ఒడ్డున త్యాగరాజు తెలుగులో కీర్తనలు, ‘ప్రహ్లాద భక్తి విజయము’, ‘నౌకా చరిత్రము’ రచించింది ఈ వాతావరణంలోనే.

త్యాగరాజుకు కాస్త ముందుతరం వాడు మెలట్టూరు వెంకటరామశాస్త్రి. ఈనాడు మెలట్టూరులో ఆడే నాటకాల కర్త ఆయనే. ‘ప్రహ్లాద చరిత్రము’తో పాటు ‘ఉషా పరిణయము’, ‘మార్కండేయ చరిత్రము’, ‘హరిశ్చంద్ర’, ‘రుక్మాంగద’, ‘సీతా కల్యాణము’, ‘రుక్మిణీ కల్యాణము’ వంటివి రాశాడు. రచనలో దరువులు, పద్యాలు, ద్విపదలు, వచనం కలగలిసి ఉంటాయి. పాత్ర రంగం మీదికి వచ్చేటప్పుడు దాని రూపాన్నీ ఠీవినీ వర్ణించే పాట ప్రవేశ దరువు. ఆ తర్వాత కథ నడిపే దరువులు, మాటలు వస్తాయి. పాత్రధారికి నాట్యం, అభినయంతో పాటు గానం, వాచికం కూడా పట్టుబడాలి. కర్ణాటక సంగీతం బాగా తెలిసిన భాగవతులు పక్కన నిలిచి పాట నడిపిస్తారు.

నాటకం ఆడేది గుడికి ఎదురుగా, వీధిలో వేసిన పందిరిలో. ఉత్సవమూర్తిని తెచ్చి రంగస్థలానికి అభిముఖంగా ఉంచుతారు. స్వామికీ వేదికకూ మధ్య జనం కూర్చుంటారు. మొదటి ప్రేక్షకుడు దేవుడే కాబట్టి నటులు ఆయనకే ఎదురుగా ఆడుతున్నట్టు లెక్క. రాత్రి పొద్దుపోయాక మొదలైన ఆట తెల్లవారేదాకా సాగుతుంది.

తొలి ప్రవేశం కోణంగిది. పొడవాటి టోపీ పెట్టుకుని గంతులేస్తూ వచ్చి జనాన్ని నవ్విస్తాడు. తర్వాత తోడయ మంగళమనే ప్రారంభ స్తుతి పాడతారు. ఆపైన ఏనుగు ముఖం తొడుక్కున్న చిన్నపిల్లవాడు వినాయకుడై వచ్చి ఆశీర్వదించి వెళతాడు. రాజు రాకను చాటడానికి కట్టియకారుడు వస్తాడు. అప్పటికిగాని హిరణ్యకశిపుడు తెర వెనక నుంచి బయటికి రాడు.

నాటకంలో కరుణ రసానికి ఆధారం ప్రహ్లాదుడి తల్లి లీలావతి పాత్ర. భర్త ఆజ్ఞకూ కొడుకు ప్రాణానికీ మధ్య నలిగే ఈ తల్లి వేషం కూడా మగవాడే కడతాడు. ఇలాంటి స్త్రీ పాత్రలతో పేరు తెచ్చుకున్నవారిలో మెలట్టూరు ఎస్. నటరాజన్ ఒకరు.

చివరి ఘట్టం స్తంభోద్భవం. నరసింహుడి ముఖపు తొడుగును గుడిలో ఉంచి పూజిస్తారు. ఆ వేషం కట్టేవాడు ఉపవాసం ఉంటాడు. ముఖం తొడుక్కోగానే అతనికి ఆవేశం వస్తుందని ఊరి నమ్మకం. హిరణ్యకశిపుడి మీదికి దూకకుండా కొందరు అతన్ని గట్టిగా పట్టుకుంటారు. ప్రేక్షకులు లేచి నిలబడి దండం పెడతారు. ఆ క్షణంలో అది నాటకమా పూజా అని విడదీయడం కష్టం.

కూచిపూడికి, దీనికి దగ్గరి పోలికలున్నాయి. రెండింటిలోనూ సంప్రదాయంగా బ్రాహ్మణ పురుషులే నటులు, రెండింటి భాషా తెలుగు, రెండూ ప్రవేశ దరువుతో పాత్రను పరిచయం చేసేవే. తేడా అల్లా ఒకటే: కూచిపూడి మేళాలు ఊరూరా తిరిగి ప్రదర్శనలిచ్చాయి. మెలట్టూరు నాటకం తన గుడినీ తన పండుగనీ అంటిపెట్టుకుంది. అందువల్ల బయట పేరు ఆలస్యంగా వచ్చింది. పాత పద్ధతి మాత్రం చాలావరకు చెక్కుచెదరలేదు.

1855లో తంజావూరు సంస్థానం బ్రిటిష్ పాలనలో కలిసిపోవడంతో రాజాదరణ పోయింది. చదువులు, ఉద్యోగాల కోసం కుటుంబాలు పట్నాలకు తరలాయి. శూలమంగళం, ఊత్తుక్కాడు, నల్లూరు వంటి ఊళ్లలో ఈ ఆట సన్నగిల్లింది. శాలియమంగళంలో నిలిచింది. మెలట్టూరులో భారతం నటేశ అయ్యర్ నటుడిగా, గురువుగా దీన్ని కాపాడాడు. ఆయన తర్వాత ఆట కుంటుపడినప్పుడు, భరతనాట్య పునరుద్ధరణకు పాటుపడిన న్యాయవాది ఇ. కృష్ణ అయ్యర్ ఊరివారికి అండగా నిలిచి, దీని విలువను బయటి ప్రపంచానికి చాటాడు. రుక్మిణీదేవి అరండేల్ కళాక్షేత్రంలో ‘ఉషా పరిణయము’ను రూపొందించింది. అలా ఊరి నాటకం నగర వేదిక మీదికి చేరింది.

ఇప్పుడు పాత్రధారుల్లో చాలామంది ఇతర ఊళ్లలో ఉద్యోగస్తులు. పండుగకు సెలవు పెట్టి సొంతూరు చేరుకుని వేషం కడతారు. పాత్రలు తండ్రి నుంచి కొడుక్కి, పెద్దల నుంచి పిల్లలకు అందుతాయి. తెలుగు ఇంట్లో మాట్లాడే భాష కాకపోయినా, దరువు దరువుగా నోటికి పట్టించి నేర్పుతారు. రాజాదరణ పోయినా ఈ తెలుగు నాటకం మిగలడానికి కారణం అదే: దాని బాధ్యతను ఊరి కుటుంబాలు తమ మీద వేసుకున్నాయి.