సురవరం (ఫాంటు)
సురవరం అనేది శీర్షికలకు, పోస్టర్లకు, ఆహ్వాన పత్రికలకు ఉద్దేశించిన తెలుగు యూనికోడ్ ఫాంటు. పురుషోత్ కుమార్ గుత్తుల 2013లో రూపొందించిన దీనిని సిలికానాంధ్ర సంస్థ స్వేచ్ఛా లైసెన్సుతో విడుదల చేయగా, తరువాత ఇది గూగుల్ ఫాంట్స్‌లో చేరింది. గద్వాల ప్రాంతంలో 1896లో జన్మించి, 1926లో గోలకొండ పత్రికను స్థాపించి, 1952లో వనపర్తి నుంచి హైదరాబాదు శాసనసభకు ఎన్నికైన సురవరం ప్రతాపరెడ్డి పేరు దీనికి పెట్టారు. పత్రికా సంపాదకుని పేరు శీర్షికల అక్షరాలకు దక్కడం సముచితమే.

గీతలు ఒకచోట లావుగా, మరొకచోట సన్నగా సాగడం దీని ప్రధాన లక్షణం. అందువల్ల పెద్ద పరిమాణంలో నిండుగా కనిపించే అక్షరాలు, మొబైల్ తెరపై చిన్నవిగా చేసినప్పుడు సన్నగీతల దగ్గర స్పష్టత కోల్పోతాయి. ఇక వత్తుల కూర్పు విషయానికి వస్తే, తెలుగుకు యూనికోడ్ కేటాయించిన 128 స్థానాలలో (0సి00 నుంచి 0సి7ఎఫ్ వరకు) వాటికి విడి సంకేతాలు లేవు. ‘రాష్ట్రం’ అనే మాటలోని ‘ష్ట్ర’ను ష, ట, ర హల్లుల నడుమ రెండు పొల్లులతో నిల్వ చేస్తే, ఫాంటులోని ఓపెన్‌టైప్ నియమాల ప్రకారం బ్రౌజర్ దానిని ఒకే సంయుక్తాక్షరంగా కూరుస్తుంది. కింది వత్తులు తరువాతి పంక్తిని తాకకుండా వెబ్ రూపకర్తలు పంక్తుల ఎడాన్ని ఇంగ్లీషు పాఠానికి ఉంచేదానికంటే పెంచవలసి ఉంటుంది. ఈ ఫాంటు ఒకే మందంలో లభిస్తుంది.