స్మార్ట్‌ఫోన్ గుప్తీకరణలో భౌతిక బలహీనతలు

ఫోన్‌లో నిలువ ఉన్న సమాచారాన్ని గణిత పద్ధతుల ద్వారా ఇతరులు చదవలేని రూపంలోకి మార్చడాన్ని గుప్తీకరణ లేదా ఎన్‌క్రిప్షన్ అంటారు. నేటి ఫోన్లలో వాడే గణితాన్ని ఛేదించడం దాదాపు అసాధ్యం. అయితే దానిని విప్పే తాళంచెవి ఫోన్‌లోని ఏదో ఒక చిప్పులో ఉండక తప్పదు. గణితం జోలికి పోకుండా ఆ చిప్పుపైన గాని, యజమాని వేలిముద్రపైన గాని చేసేవే భౌతిక దాడులు.

చల్లబరచే పద్ధతి

విద్యుత్తు ఆగగానే ర్యామ్ చెరిగిపోతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అందులోని సమాచారం కొద్ది క్షణాలు నిలుస్తుంది. చలిలో మరింతసేపు నిలుస్తుంది. 2008లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కంప్యూటరు మెమరీని సుమారు -50 డిగ్రీల సెల్సియస్‌కు చల్లబరచగా, విద్యుత్తు లేకుండా 10 నిమిషాలు గడచినా 1 శాతం లోపు బిట్లు మాత్రమే చెరిగాయి. 2013లో జర్మనీలోని ఎర్లాంగెన్ పరిశోధకులు ఇదే కిటుకును గెలాక్సీ నెక్సస్ ఫోన్‌పై ప్రయోగించారు. ఫోన్‌ను గంటసేపు ఫ్రీజరులో ఉంచి, బ్యాటరీని క్షణకాలం తీసి పెట్టి, తమ సాఫ్ట్‌వేరుతో తిరిగి ప్రారంభించి తాళంచెవిని చదివారు. బూట్‌లోడరు ముందే తెరచి ఉన్న ఫోన్లలోనే ఇది పూర్తిగా ఫలించింది. బ్యాటరీ ఊడదీయరాని ఫోన్లు వచ్చాక ఈ పద్ధతి కష్టమయింది.

చిప్పుకు నకలు

2016లో కేంబ్రిడ్జి పరిశోధకుడు సెర్గీ స్కోరోబొగాటోవ్ ఐఫోన్ 5సి నిలువ చిప్పును ఊడదీసి నకలు తీశారు. తప్పు సంకేతాల లెక్క నిండినప్పుడల్లా పాత నకలును తిరిగి ఎక్కించి మళ్ళీ ప్రయత్నించవచ్చని నిరూపించారు.

వేలిముద్ర

తెలుగువారికి బాగా దగ్గరగా వచ్చిన ప్రమాదం ఇదే. 2018లో తెలంగాణలో ఒక సిమ్ కార్డుల విక్రేత, రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులోని దస్తావేజులపై ఉన్న వేలిముద్రలతో రబ్బరు స్టాంపుల వంటి నకళ్ళు చేసి, ఆధార్ ధ్రువీకరణతో వేలాది సిమ్‌లను క్రియాశీలం చేశాడని పోలీసులు వెల్లడించారు. అది ఫోన్ తెరచిన కేసు కాకపోయినా కిటుకు ఒక్కటే: 2013లో జర్మనీ హ్యాకర్లు గాజుపై పడిన ముద్రను ఫోటో తీసి, దాని నకలుతో ఐఫోన్ 5ఎస్‌ను తెరిచారు. పెడనలో కలంకారీ చెక్క అచ్చును ఎవరు అద్దినా గుడ్డపై అదే పువ్వు పడుతుంది. వేలిముద్ర నకలు సంగతీ అంతే. సంకేతపదం బయటపడితే మార్చుకోవచ్చు, వేలిని మార్చుకోలేము.

ఫోన్‌ను ఆపి తిరిగి ప్రారంభించినప్పుడు మొదటిసారి వేలిముద్ర చెల్లదు, సంకేతపదమే అడుగుతుంది. అది ఇచ్చేవరకు యజమాని సమాచారాన్ని విప్పే తాళంచెవి ర్యామ్‌లోకి రాదు.