మట్టిపలకపై మూగజీవి స్మృతి

పెంచిన జంతువు మరణించినప్పుడు దాని పేర గురుతు నిలుపుట నేటి నాగరికుల వింతవేడుక యని కొందరు తలతురు. చరిత్ర అట్లు చెప్పదు. క్రీ.శ. 949 ప్రాంతమున తక్కోలములో రాష్ట్రకూటులకును చోళులకును ఘోరయుద్ధము జరిగెను. అందు పరాక్రమించిన మణలేర యను వీరుడు ‘కాళి’ యను వేటకుక్కను తన ప్రభువువలన వరముగా పొందెను. ఆ కుక్క యొక అడవిపందితో పోరాడి, దానిని చంపి, తానును మరణించెను. కర్ణాటకమునందలి ఆతకూరులో మణలేర దాని పేర శిలను నిలిపి, పూజకై భూమినిచ్చెను. ఆ శిల నేడు బెంగుళూరు మ్యూజియమున నున్నది.

అయితే అక్షరము నిలుపుకొను శిల అన్నిచోట్ల లభింపదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలమునుండి తెలుగువారు స్థిరపడిన ఖరగ్‌పూరు పరిసరములలో దొరకునది రంధ్రములుగల ఎర్రరాయి. అది గోడకు పనికివచ్చును గాని సన్నని చెక్కడమునకు లొంగదు. అచటినుండి బాంకుడా పోవు రైలుమార్గముననే విష్ణుపురమున్నది. మల్లరాజులు అచట ఆలయములకు ఎర్రరాయిని, ఇటుకను వాడిరి. సూక్ష్మమైన శిల్పమును మాత్రము కాల్చిన మట్టిపలకలకు అప్పగించిరి. 1643 నాటి శ్యామరాయ మందిరము, 1655 నాటి జోడ్‌బంగ్లా ఇందులకు సాక్షులు. వేట దృశ్యములు, ఏనుగులు, గుర్రములు ఆ గోడలపై నేటికిని కనబడును.

సుభాష్‌పల్లివంటి పేటలో పెరటిచెట్టు క్రింద తన కుక్కకో ఆవుకో గురుతు నిలుపగోరువాడు ఈ మార్గమునే పట్టవచ్చును. కాని మందమైన పలక కుండవంటిది కాదు. దాని పైభాగము ముందుగా ఆరి ముడుచుకొనును. లోపల తడి నిలిచియుండును. ఆ పోరున పలక చీలును. కావున మట్టిలో ఇసుకయో పెంకుల పొడియో కలిపి, గాలి నిలువకుండ బాగుగా మర్దించి, వెనుకభాగమును కొంత తొలిచి, నీడలో త్రిప్పుచు ఆరబెట్టవలెను. మట్టి బిగిసియు గోటికి లొంగుచున్నప్పుడే పేరు చెక్కవలెను.

ఆవములో తొందర మరింత హానికరము. నూరు డిగ్రీలకు చేరులోపల మిగిలిన నీరు పోనిచో ఆవిరియై పలకను పగులగొట్టును. మట్టితో కలిసియున్న నీరు 450 మొదలు 600 డిగ్రీల నడుమ విడిపోవును. 573 వద్ద ఇసుకరేణువులు హఠాత్తుగా వ్యాకోచించును. చల్లారునప్పుడు అచటనే ముడుచుకొనును. అందువలన మంట ఆరినవెంటనే ఆవమును తెరువరాదు. పలక క్రింద ఇసుక పరచినచో ముడుచుకొనునపుడు అది సులభముగా జరుగును.

ఆతకూరు శిలకు ప్రభువుల ఆదరము, భూదానము తోడయ్యెను. మట్టిపలకకు ఏ ప్రభువును అక్కరలేదు. సామాన్యుని యింట పుట్టి, శాసనములకెక్కక పోయిన జీవికి గూడ అది నాలుగక్షరముల చోటిచ్చును. అందులకు అడుగు మూల్యము కొన్ని వారముల ఓర్పు మాత్రమే.