పక్కింటి అక్క చెప్పిన క్రీము

1941లో లీలా చిట్నిస్ లక్స్ సబ్బు ప్రకటనలో కనిపించారు. ఆ సబ్బుకి మొదటి భారతీయ తార ఆవిడే. అది ప్రకటన అని చూసేవాళ్లకి తెలుసు. తారలు డబ్బులు తీసుకునే చెప్తారనీ తెలుసు. ఇవాళ ఫోన్‌లో ఒకమ్మాయి "నెల్రోజులుగా రాస్తున్నా, మచ్చలు పోయాయి" అంటే మాత్రం పక్కింటి అక్క మాటలా వినిపిస్తుంది. అసలు చిక్కు ఇక్కడే.

దీన్ని పట్టుకోడానికి మన చట్టాలకి చాలా ఏళ్లు పట్టింది. 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం కొన్ని జబ్బుల జాబితా రాసి, వాటిని నయం చేస్తామనే ప్రకటనల్ని నిషేధించింది. చర్మం రంగు అందులో లేదు. 1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ మాత్రం ఆ రంగునే జబ్బులా చూపించి అమ్ముకుంది. 1986 వినియోగదారుల చట్టం అమ్మేవాడి మీదే దృష్టి పెట్టింది. ప్రచారం చేసే మనిషికి జరిమానా 2019 చట్టంతో వచ్చింది: మొదటిసారి 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా. చెప్పేముందు నిజానిజాలు శ్రద్ధగా సరిచూసుకున్నవాళ్లకి మినహాయింపు ఉంది.

2023 జనవరిలో కేంద్రం ఇంకో మాట చేర్చింది. డబ్బే కాదు, ఉచితంగా అందిన సీసా సంగతి కూడా చెప్పాలి. వీడియోలో అయితే కనబడాలి, వినబడాలి కూడా.

మంచిదే. కానీ ముఖం కాలిన అమ్మాయికి ఆ జరిమానా రాదు. పరిహారం కావాలంటే వినియోగదారుల కమిషన్‌కి ఆధారాలతో వెళ్లాలి. అచ్చయిన ప్రకటన కనీసం పత్రికలో మిగిలేది. ఇన్‌స్టాగ్రామ్ స్టోరీ 24 గంటల్లో మాయం. నమ్మి కొనేవాళ్లు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుంటారా?