చుట్టకు లేని కత్తెర: సిగార్ ఉపకరణాల చరిత్రలో వ్యయం, వర్గం, వాడుక

వ్యాససంగ్రహం:
సిగార్ తాగేవారికి కట్టర్ కావాలి. చుట్ట తాగేవారికి అక్కరలేదు. రెండూ చుట్టిన పొగాకే అయినా ఉపకరణం విషయంలో ఈ భేదం ఎందుకు ఏర్పడిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. కట్టర్ పుట్టుకకు కారణం సిగార్ నిర్మాణంలో ఉందని, అది హోదాచిహ్నంగా మారడానికి కారణం సమాజంలో ఉందని, తక్కువ ఖర్చుతో పొగతాగినవారు ఈ అవసరాన్ని వేర్వేరు మార్గాల్లో తప్పించుకున్నారని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: సిగార్, చుట్ట, కట్టర్, అడకత్తెర, లంకపొగాకు, భౌతికసంస్కృతి.

1. ఉపోద్ఘాతం:
పొగాకు చరిత్రను సాధారణంగా పంట, పన్ను, ఎగుమతి అనే మూడు కోణాల నుండి రాస్తారు. పొగతాగే మనిషి చేతిలోని చిన్న వస్తువులు ఆ చరిత్రలో అంతగా కనిపించవు. అయితే ఎవరు, ఎక్కడ, ఎంత ఖర్చుతో పొగతాగారో తెలుసుకోవడానికి ఆ వస్తువులే మంచి ఆధారాలు. ఒక ఉపకరణం ఉండటం ఎంత ముఖ్యమైన సాక్ష్యమో, లేకపోవడమూ అంతే ముఖ్యమైన సాక్ష్యం. ఈ దృష్టితో సిగార్ కట్టర్‌ను, అది అక్కరలేని చుట్టను పక్కపక్కన ఉంచి చూడటం ఈ వ్యాసం ఉద్దేశం.

2. మూసిన కొన, తెరిచిన కొన:
చేతితో చుట్టిన సిగార్‌లో మూడు భాగాలుంటాయి. అవి లోపలి పొగాకు, దాన్ని బిగించి పట్టే ఆకు, అన్నిటికీ పైన చుట్టే మేలైన ఆకు. వెలిగించే కొనను పాదమనీ, నోట పెట్టుకునే కొనను తల అనీ అంటారు. తలపై చిన్న ఆకుముక్కను బంకతో అంటించి మూస్తారు. దీన్ని టోపీ అంటారు. పైఆకు విడిపోకుండా కాపాడేది ఈ టోపీయే, గాలికి అడ్డుపడేదీ ఇదే. కనుక తాగేముందు దాన్ని తెరవక తప్పదు. కట్టర్ అవసరమంతా ఈ చిన్న ఆకుముక్కలోనే ఉంది.

చుట్టకు రెండు కొనలూ తెరిచే ఉంటాయి. తెలుగులో ‘చుట్టు’ అనే క్రియ నుండి చుట్ట వచ్చినట్లే, తమిళ ‘సురుట్టు’ నుండి ఆంగ్లంలోని ‘చెరూట్’ వచ్చింది. యూల్, బర్నెల్ 1886లో ప్రకటించిన ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువు కూడా రెండు కొనలూ కోసి ఉండటాన్నే చెరూట్ లక్షణంగా పేర్కొంది.

ఈ విషయంలో థామస్ బౌరీ రాతలు విలువైనవి. 1669-1679 మధ్య బంగాళాఖాత తీరదేశాలను చూసిన ఈ ఆంగ్ల నావికుడు, పేదలైన జెంటూలు, మలబారులు ఆకును ఉత్తినే చుట్టి, ఒక కొన వెలిగించి, రెండో కొనను పెదవుల మధ్య పట్టుకుంటారని వర్ణించాడు. జెంటూ అనేది నాటి ఐరోపావారు తెలుగువారికీ, విశాలార్థంలో హిందువులకూ వాడిన మాట. పోర్చుగీసువారు ఆ చుట్టను ‘చెరూటా’ అంటారని కూడా బౌరీ నమోదు చేశాడు. అతని దృష్టిలో అది హీనమైన పద్ధతి, అయినా అసలైన మొదటి పద్ధతి అదే కావచ్చని అతడు తలచాడు. గొట్టమూ కత్తీ లేకుండా పొగతాగడాన్ని అతడు పేదరికానికి గుర్తుగా చూశాడన్నది ఇక్కడ గమనించాలి.

ఈ భేదాన్ని తూర్పు పడమరల భేదంగా భావించడం సరికాదు. స్విట్జర్లాండ్‌లో సామాన్యుల సిగార్‌గా పేరుపొందిన ‘స్టుంపెన్’కు కూడా రెండు కొనలూ కోసే ఉంటాయి. 1818 నుండి ఫ్లోరెన్స్‌లో తయారైన ఇటలీ ‘తొస్కానో’కు టోపీ లేదు. దాన్ని నడిమికి కోసి రెండుసార్లుగా తాగడం అక్కడి వాడుక. అక్కడ కోత కొన తెరవడానికి కాదు, పొదుపుకు. కాబట్టి టోపీ ఉండటం, లేకపోవడం అనేది ప్రధానంగా పనితనానికీ ఖర్చుకూ సంబంధించిన విషయమని చెప్పవచ్చు.

3. కట్టర్ వికాసం:
ఐబీరియా ద్వీపకల్ప యుద్ధం (1808-1814) తరువాత స్పెయిన్ నుండి సిగార్ అలవాటు బ్రిటన్, ఫ్రాన్సు దేశాలకు విస్తరించింది. 1817లో స్పెయిన్ రాజశాసనం క్యూబా పొగాకుపై గుత్తాధిపత్యాన్ని తొలగించడంతో హవానా సిగార్ల వ్యాపారం పుంజుకుంది. టోపీని తెరవడానికి పళ్లు, జేబుకత్తి చాలినా, 19వ శతాబ్దంలో ఆ పనికి ప్రత్యేక సాధనాలు వచ్చాయి. గడియారపు గొలుసుకు వేలాడే చిన్న కట్టర్లు పెద్దమనుషుల వేషంలో భాగమయ్యాయి. కత్తుల తయారీకి ప్రసిద్ధమైన జర్మనీలోని జోలింగెన్ పట్టణం సిగార్ కత్తెరలకూ పేరు తెచ్చుకుంది. బ్రిటన్‌లో 1868 నాటి చట్టం రైళ్లలో పొగతాగేవారికి ప్రత్యేక పెట్టెలు ఉండాలని నిర్దేశించింది. పొగతాగడానికి వేరుగా చోటు ఏర్పడిన చోట, దానికి తగిన సామగ్రీ మర్యాదలూ ఏర్పడ్డాయి.

సామాన్య కొనుగోలుదారుకు మరో ఏర్పాటు ఉండేది. అమెరికాలో పొగాకు దుకాణాల బల్లలపై ఇనుప కట్టర్లు అమర్చేవారు. సిన్సినాటిలోని బ్రన్‌హాఫ్ సంస్థ ఇటువంటివి తయారుచేసింది. వాటి మీద సిగార్ల ప్రకటనలు ఉండేవి. ఒకటో రెండో సిగార్లు కొన్నవాడు అక్కడే తల కోసుకుని వెళ్లేవాడు. ఉపకరణం ఖర్చు దుకాణదారుది లేదా ప్రకటనదారుది. సొంత కట్టర్ లేకపోవడం వల్ల అతనికి లోటు కలగలేదు. అంటే సొంత కట్టర్ అవసరాన్ని మించిన మరో అర్థాన్ని సంతరించుకుందన్నమాట.

4. ధర, పదును, వాడుక:
నేడు వాడుకలో ఉన్న రకాల పనితీరు కూడా ఈ వాదాన్ని బలపరుస్తుంది. ఒకే అలుగు ఉన్న గిలటిన్ చవక. అయితే అది ఒక వైపు నుండే నొక్కుతుంది గనుక మొద్దుబారితే తల నలిగి ఆకు చిరుగుతుంది. రెండలుగుల గిలటిన్ రెండు వైపుల నుండీ సమంగా కోస్తుంది. పంచ్ తలపై గుండ్రని రంధ్రం చేస్తుంది. అది చిన్నది, తాళంచెవుల గుత్తికి తగిలించుకోవచ్చు, కానీ మొన తేలిన సిగార్లకు పనికిరాదు. వి-ఆకారపు కట్టర్ తలలో గాడి చేస్తుంది. ఏది వాడినా నియమం ఒక్కటే. టోపీ అంచు దాటకుండా, దాదాపు 2 మిల్లీమీటర్ల మేర మాత్రమే కోయాలి. అంచు దాటితే పైఆకు విడిపోతుంది. కోత బాగోగులను నిర్ణయించేది పదును, కోసే చోటు. లోహపు మెరుగు, సంస్థ పేరు ధరను పెంచుతాయే గాని కోతను మార్చవు. తక్కిన సామగ్రికీ ఇదే వర్తిస్తుంది. దేవదారు పెట్టె చేసే పనిని, అంటే సుమారు 65-70 శాతం తేమను నిలపడాన్ని, గాలి చొరని మామూలు డబ్బా తేమపొట్లంతో చేయగలదు. పెట్రోలు లైటర్ వాసన అంటించే చోట, గంధకం కాలిపోయేదాకా ఆగి వాడిన అగ్గిపుల్ల అంతకంటే మేలు.

5. తెలుగునాట అడకత్తెర:
తెలుగువారికి కోత సాధనం కొత్తది కాదు. పోకచెక్క కోయనిదే తాంబూలం లేదు కనుక అడకత్తెర ఇంటింటి వస్తువైంది. కలిగిన ఇళ్లలో అది ఇత్తడితో, నగిషీలతో అలంకార వస్తువు కూడా అయింది. ‘అడకత్తెరలో పోకచెక్క’ అనే జాతీయం దాని వ్యాప్తికి నిదర్శనం. చుట్టకు మాత్రం అటువంటి కత్తెర ఏర్పడలేదు. గోదావరి లంకల్లో పండే ఘాటైన పొగాకుతో చుట్టిన చుట్టకు తెరవవలసిన కొనే లేదు.

చుట్టకు కావలసింది నిప్పు. చెకుముకి రాయి, దూది వెంట ఉండేవి. అవి లేనివారు పొయ్యిలోని నిప్పు అడిగేవారు. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పు అడిగాడట ఇంకొకడు అన్న సామెత స్వార్థపరుణ్ణి ఎత్తిపొడుస్తుంది. చరిత్రకారునికి అది మరో సంగతి కూడా చెబుతుంది. చుట్ట తాగేవాడు ఇతరుల దగ్గర చెయ్యి చాచవలసింది కత్తి కోసం కాదు, నిప్పు కోసం. ‘కన్యాశుల్కం’లో (1897) ఇంగ్లీషు దర్పం ఎంత ఉన్నా గిరీశం చేతిలోనూ, అతని శిష్యుడు వెంకటేశం చేతిలోనూ ఉన్నది చుట్టే.

తెరిచిన కొనలకు మరో పర్యవసానం ఉంది. ఏ కొననైనా నోట పెట్టుకోగలగడం అడ్డపొగకు, అంటే నిప్పు కొనను నోటిలో ఉంచుకుని తాగే పద్ధతికి, వీలు కల్పించింది. ఉత్తరాంధ్ర తీరగ్రామాల్లో ముఖ్యంగా స్త్రీలలో ఇది వాడుకలో ఉంది. పిండ్‌బర్గ్ బృందం 10,169 మంది గ్రామస్థులను పరీక్షించి 1971లో ప్రకటించిన అధ్యయనం అడ్డపొగకూ అంగిటి వ్యాధులకూ గల సంబంధాన్ని పరిశీలించింది. చుట్ట పేదలకు ఉపకరణాల ఖర్చు తప్పించింది. శరీరం చెల్లించవలసిన ఖర్చును తప్పించలేదు.

6. ముగింపు:
మూసిన కొన కట్టర్‌ను పుట్టించింది. పొగతాగే గదులూ గడియారపు గొలుసులూ దాన్ని హోదాగా మార్చాయి. పళ్లు, జేబుకత్తి, దుకాణపు బల్ల, నడిమికి కోసిన తొస్కానో, తెరిచిన కొనల చుట్ట అన్నవి ఆ హోదాకు వెలుపల ఉన్నవారి మార్గాలు. బౌరీ హీనమనుకున్న పద్ధతిని లోటుగా కాక, అవసరమే లేకుండా చేసుకున్న ఒక నిర్మాణంగా చూడటం సమంజసం. మన గ్రామాల అడకత్తెరలు, చెకుముకి సంచులు, చుట్టల పెట్టెలు సేకరణలకు నోచుకుంటే ఈ పరిశీలనను సామెతల నుండి వస్తువుల దాకా విస్తరించవచ్చు.