ఆకసమునుండి పడిన యినుము

మన గుంటూరుసీమ నల్లరేగడిని ప్రత్తికో మిరపకో దున్నునపుడు బరువైన యినుపముద్ద యొకటి నాఁగటికిఁ దగిలెననుకొందము. రైతు దానిని కమ్మరికొలిమికిఁ బంపవచ్చును. లేదా పసుపుకుంకుమలు పెట్టి పూజింపవచ్చును. రెండువిధములను దాని చరిత్రము మఱుఁగుపడును. అట్లు గానిది మన యాంధ్రదేశముననే యొకటి కలదు.

1870 జనవరి 23వ తేది సాయంకాలమున, నాఁటి విశాఖపట్టణ మండలములో పార్వతీపురప్రాంతమందలి నెడగొల్లయొద్ద, సుమారు నాలుగున్నర కిలోగ్రాముల యినుము ఆకసమునుండి పడెను. పడుచుండఁగాఁ జూడఁబడిన యినుపయుల్కలు లోకమున మిక్కిలి యరుదు.

ఇనుపయుల్కను కోసి, నునుపుచేసి, ఆమ్లము పూసినచోఁ బెక్కింట అల్లికవంటి చారలు తేలును. దీనియందుఁ దేలలేదు. చారలు లేనివానిలో సామాన్యముగా నికెలు నూటికిఁ బదునాఱు పాళ్లకు మించును. ఇందు ఆఱు పాళ్లే. తక్కిన ధాతువుల పాళ్లును ఏ వర్గముతోను సరిపడమిచే దీనిని విడిగా నుంచిరి.

2022లోఁ బ్రకటితమైన పరిశోధనము ఈ చిక్కును కొంత విప్పినది. సూర్యకుటుంబపు లోపలిభాగపు పదార్థమును, వెలుపలిభాగపు పదార్థమును ఒక గొప్ప తాఁకిడిచే నిందుఁ గలిసినవని దాని ఐసోటోపులు సాక్ష్యమిచ్చినవి.

భద్రపఱచిరి గనుకనే నూటయేఁబది యేండ్లపిమ్మట నా యినుము సాక్ష్యము పలికెను. మన చేలలో దొరకినదానిని ముందుగాఁ బరీక్షకుఁ బంపుదము. కొలిమికిఁ బోయినది తిరిగి రాదు.